కంటికి వ్రాయని లెక్క



ఎవరి స్మృతికై మనమిచట కూడితిమో ఆ మహనీయుని నామము నా వెనుకనున్న తెరపై లిఖింపబడియే యున్నది. దానిని నేను మరల నుచ్చరింపను. సభలలో తన పేరు వినవచ్చినంతనే తల వంచుకొని ద్వారమువైపు చూచుట వారి స్వభావము. దేహము వీడిన పిమ్మటనైనను ఆ స్వభావమును మన్నించుట శిష్యధర్మమని నా తలంపు. మేమెల్లరము వారిని మాస్టారనియే పిలిచితిమి. ఈ సాయంకాలమును నేనట్లే పిలిచెదను. మాస్టారు గ్రంథకర్తలు కారు, బిరుదాంకితులు కారు. ఒక ఆసుపత్రి అణువైద్యవిభాగములో, సీసపు ఇటుకల గోడ వెనుక నిలిచి, 26 సంవత్సరములపాటు ప్రతి ప్రాతఃకాలమునను, రోగులు వచ్చి వరండాలోని బల్లలపై కూర్చుండక మునుపే, వారి కొరకు రేడియోధార్మికౌషధములను సిద్ధపరచిన టెక్నాలజిస్టు. వారి చేతిమీదుగా వెడలిన సిరంజిల నెవరును లెక్కింపలేదు. లెక్కింపనిది ఇంకొకటియు కలదు. నేటి నా ప్రసంగమంతయు దానిని గూర్చినదే.

మన దేశమున ఈ వైద్యశాఖ పుట్టి యెంతో కాలము కాలేదు. 1956వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర రియాక్టరు మేల్కొనినది; 1963లో బొంబాయి నగరమున రేడియేషన్ మెడిసిన్ సెంటరు వెలసినది; అచటినుండి క్రమక్రమముగా ఇతర నగరముల ఆసుపత్రులకు ఈ విద్య ప్రాకినది. ఇందు టెక్నీషియం-99ఎమ్ అను ఐసోటోపు ప్రాణము వంటిది. అది ఆరు గంటలకొకసారి సగమగుచు మరునాటికి పదునారవవంతు మాత్రమే మిగులు అల్పాయుష్కము గనుక, దూరమునుండి తెప్పించుకొని నిలువచేసికొనుటకు వీలులేదు. 66 గంటల అర్ధాయువు గల దాని జనకమగు మాలిబ్డినం-99ను తెప్పించుకొని, దానినుండి పుట్టిన టెక్నీషియమును ఏ రోజున కా రోజు వేరుచేసికొనవలెను. అల్యూమినా నింపిన స్తంభముగుండ సెలైనును పోనిచ్చి దానిని దింపుకొను పరికరమును ఆవు అనియు, ఆ పనిని పితుకుట యనియు ప్రయోగశాలలవారు ముద్దుగా పిలుతురు. మన ఆసుపత్రులలో పెక్కింటికి చిరకాలము ఆ యావు లేదు. ట్రాంబేనుండి వచ్చిన సోడియం మాలిబ్డేటు ద్రావణమునకు క్షారము చేర్చి, మిథైల్ ఈథైల్ కీటోను పోసి, కుదిపి, పైకి తేరిన పొరను వేరుపరచి, ఆ కీటోనును ఆవిరిగా పోగొట్టి, అడుగున మిగిలినదానిని సెలైనులో కరిగించుకొనెడి ఎమ్.ఇ.కె. పద్ధతియే మాకు గతి. అందు క్రింది పొర యెచట ముగిసి పై పొర యెచట మొదలగుచున్నదో కంటితో చూచియే నిర్ణయింపవలెను. ఆ పనికి చేయి యెంత యవసరమో కన్నును అంత యవసరము.

మాస్టారిది హ్రస్వదృష్టి. కళ్ళద్దములు నుదుటిపైకి త్రోసి, ఇటుకల గోడమీదుగా మెడ సాచి, సిరంజి గీతను జానెడు దూరమున చూచుట వారి అలవాటు. మా వంటి కొత్తవారు అట్లు వంగినచో మాత్రము వెనుకనుండి భుజము పట్టి లాగి, "తల వెనక్కి, నాయనా, తల వెనక్కి" యని మందలించెడివారు. ఇతరుల తల వెనుకకు లాగిన ఆ చేతిని వారి తలమీద వేయుటకు మాలో నెవ్వనికిని సాహసము లేకపోయెను. ఇది నేను నేటికిని మరువజాలని దోషము.

వారి ఛాతీపైన, జేబు నంటి, టి.ఎల్.డి. బ్యాడ్జి యుండెడిది. డిస్ప్రోసియం చేర్చిన కాల్షియం సల్ఫేటు బిళ్లలు మూడు అందుండును. సోకిన కిరణశక్తిని అవి తమలో దాచుకొని, వేడిచేసినప్పుడు వెలుగుగా వెడలగ్రక్కును. ఆ వెలుగును కొలిచి మోతాదును నిర్ణయింతురు. 1970వ దశకము నడుమనుండి మన దేశమున లక్షలమంది శరీరములకు కాపలా కాసిన ఈ చిన్న బిళ్లపై నాకు గౌరవము మిక్కిలి. మూడు నెలలకొకసారి అది ప్రయోగశాలకు పోయెడిది; మూడు నెలలకొకసారి ఒక అంకె తిరిగి వచ్చెడిది. మాస్టారి అంకె యెన్నడును పరిమితికి చేరువకైనను రాలేదు. ఏల వచ్చును? బ్యాడ్జి సీసపు ఇటుకల వెనుక, ఛాతీపై నుండెను. కన్నులు ఇటుకల పైన నుండెను.

ఏబదియవపడిలో పడిన తరువాత, రాత్రివేళ ఎదురుగా వచ్చు బస్సు దీపములు పగిలిన గాజువలె చెదరి కనబడుచున్నవని వారు నాతో ననిరి. దూరపు బోర్డులు కనబడుచునే యుండెను. దగ్గరి అక్షరము లలుకుకొనిపోయెను. పగటి యెండలో చూపు మరింత మందగించెను. కంటివైద్యుడు పరీక్షించి, రెండు కన్నులలోను కటకముల వెనుకవైపున పొర కమ్మినదని, ఇట్టి శుక్లము మధుమేహమువలనను, స్టెరాయిడు మందులవలనను, వికిరణమువలనను కలుగవచ్చునని చెప్పి, కంటికి ఎంత మోతాదు సోకినదని ప్రశ్నించెను. మాస్టారికి చక్కెరవ్యాధియు కొంత యుండెను. మరునాడు వారు ఇరువదియేండ్ల బ్యాడ్జి చీటీలను దారమున గుచ్చి తీసికొనిపోయిరి. ఆ వైద్యుడు సజ్జనుడు. చీటీలన్నిటిని త్రిప్పి చూచి, ఇందు కంటికి సంబంధించిన దొక్కటియు లేదని మెల్లగా చెప్పెను.

ఆ పిమ్మట, ఇది వృత్తివలన కలిగినదేమో విచారింపుడని మాస్టారు తమ కార్యాలయమునకు ఒక విన్నపము పంపిరి. నమోదైన మోతాదులన్నియు పరిమితికి లోబడియే యున్నవని ప్రత్యుత్తరము వచ్చినది. నాకు ఆగ్రహము కలిగినది; మాస్టారికి కలుగలేదు. "వాళ్ళు చూపించిన లెక్క నిజమే, నాయనా. అది నా గుండె లెక్క. కంటి లెక్క ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు" అనిరి. శస్త్రచికిత్స జరిగి, కృత్రిమకటకములతో వారికి చూపు వచ్చినది. అనంతరము పెక్కేండ్లు దినపత్రికను అద్దములు లేకయే చదివిరి. కాని ఆ శుక్లము కిరణములదో, చక్కెరదో, వయస్సుదో ఇక నెవ్వరును తేల్చజాలరు. కిరణములవలననే కలిగినదని నేనీ వేదికనుండి చెప్పినచో, అది వారు నాకు నేర్పిన విద్యకు ద్రోహమగును. కాదని చెప్పుటకును ఎవరికిని అధికారము లేదనియే నా వాదము. కొలత లేనిచోట బాధితునికి సాక్ష్యము లేదు, యజమానికి నిర్దోషిత్వమును లేదు.

కన్నే యింత సుకుమారమైన దేల యని మీరడుగవచ్చును. ఇది శరీరశాస్త్రమున నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము గనుక కొంత నిదానించెదను. కటకమునకు రక్తనాళములు లేవు. దాని ముందుపొరయందలి కణములు అంచువద్ద విభజనము చెందుచు, జీవితాంతమును నూతన తంతువులుగా మారి లోపలికి చేరుచుండును. చేరినకొలది తమ కేంద్రకములను విసర్జించి స్ఫటికమువలె స్వచ్ఛములగును. చర్మము తన మృతకణములను రాల్చుకొనును. రక్తము తన జీర్ణకణములను ప్లీహమున విడుచును. కటకమునకు మాత్రము పారవేయుటకు చోటు లేదు. మాతృగర్భమున నేర్పడిన తంతువు మరణదినమువరకును ఆ నడుమనే యుండును. అంచున విభజన చెందుచున్న కణమునకు కిరణాఘాతము తగిలినచో, అది చక్కని తంతువుగా రూపొందజాలక, వెనుకకు జరిగి జరిగి, కటకపు వెనుకకోశము క్రింద చేరును. అచట గుమిగూడిన యట్టి వికృతకణములే పొర. అందుచేతనే కిరణశుక్లము తరచుగా వెనుకవైపున మొలకెత్తును. అందుచేతనే అది దీపముల వెలుగును చెదరగొట్టి, దగ్గరి చూపును ముందుగా హరించును. ఆ యాఘాతమునకును ఈ పొరకును నడుమ పది, ఇరువది సంవత్సరములైనను గడువవచ్చును. అప్పటికి టెక్నాలజిస్టు ఉద్యోగమున నుండునో, ఉండడో.

ఈ యపాయము నిన్న మొన్న తెలిసినది కాదు. 1949లో, సైక్లోట్రానుల చెంత పనిచేసిన అమెరికా భౌతికశాస్త్రజ్ఞుల కన్నులలో శుక్లములు కనుగొనబడినవి. అదే సంవత్సరమున హిరోషిమాలో బ్రదికి బయటపడినవారి కన్నులను గూర్చియు వార్త ప్రకటింపబడినది. కాని అవి మహామోతాదుల ఫలములని లోకము సమాధానపడెను. కొలదికొలదిగా ఏండ్లతరబడి సోకు కిరణములు 8 గ్రేలు మించినగాని చూపును చెరుపవని చాలకాలము భావించి, అంతర్జాతీయ వికిరణరక్షణ సంఘమువారు 1980లో కంటికి సంవత్సరమునకు 150 మిల్లీసీవర్టుల పరిమితిని నిర్ణయించిరి. పిదప చెర్నోబిల్ శుద్ధికార్యమున పాల్గొన్న 8,607 మంది కన్నులను పరీక్షించి 2007లో ప్రకటించిన నివేదికయు, అమెరికాలో 35,705 మంది రేడియాలజీ టెక్నాలజిస్టులను సుమారు ఇరువదియేండ్లు అనుసరించి 2008లో వెలువరించిన పరిశోధనయు, ఆ భావనను కదల్చివేసినవి. 2011 ఏప్రిలులో ఆ సంఘమే తన మాటను సవరించుకొని, శుక్లమునకు ఆరంభమోతాదు 0.5 గ్రే యనియు, అది ఒకేమారు తగిలినను ఏండ్ల పొడవున తగిలినను భేదమెంచరాదనియు, కావున పనివారి కంటికి పరిమితి అయిదేండ్ల సగటున సంవత్సరమునకు 20, ఏ యొక్క సంవత్సరమునను 50 మిల్లీసీవర్టులకు మించరాదనియు చెప్పినది. ఐరోపా దేశములు 2018లోగాను, జపాను 2021లోను దీనిని శాసనము చేసికొనినవి.

గ్రేను, సీవర్టును ఈ కిరణములకు సమానములుగా నెంచి, పాత 150, కొత్త 20 అను ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి లెక్కించి చూడుడు. పాత పరిమితిని పూర్తిగా వాడుకొన్నవానికి 0.5 గ్రే చేరుటకు నాలుగేండ్లైనను పట్టదు. కొత్త పరిమితి ప్రకారము 25 ఏండ్లు పట్టును. అనగా ఒక ఉద్యోగజీవితము. మాస్టారు ఆ ఇటుకల వెనుక నిలిచినది 26 ఏండ్లు.

ఇట చిన్న శ్రోతలను భయపెట్టుట నా యుద్దేశము కాదు. గుండెనాళములలో తీగెలు నడుపు వైద్యులతో పోల్చినచో అణువైద్యవిభాగపు పనివారి కన్నులకు సోకునది సామాన్యముగా అల్పమే. చక్కని కవచములు, చక్కని అలవాట్లు గలచోట అది కొత్త పరిమితికి ఎంతో దిగువనే యుండును. కాని ఆ "చక్కని" యను విశేషణము ఎంతటి భారమును మోయుచున్నదో ఒక లెక్క చూపెదను. నేడు పెట్ స్కానుకు వాడు ఫ్లోరిన్-18 వెలువరించు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాలు, టెక్నీషియం వెలువరించు 140 వానికంటె మిక్కిలి చొచ్చుకొనిపోవునవి. ఏ కవచమును లేని పది మిల్లీక్యూరీల సిరంజిని ముఖమునకు 30 సెంటీమీటర్ల దూరమున ఒక్క నిమిషము పట్టుకొనినచో కంటికి సుమారు 10 మైక్రోసీవర్టులు చేరును. అది గణనీయము కాదని యెవరైన ననవచ్చును. దినమునకు పదిమంది రోగులు, సంవత్సరమునకు 250 పనిదినములని హెచ్చించినచో 25 మిల్లీసీవర్టులగును, పరిమితి దాటినది. అదే సిరంజిని 60 సెంటీమీటర్లకు జరిపినచో నాలుగవవంతు మాత్రమే, ఆరింటి చేరువ. టంగ్‌స్టన్ తొడుగును, బల్లపై ముఖమున కడ్డముగా నిలుపు ఎల్-బ్లాకు సీసపు గాజును అడ్డు వచ్చినచో ఇంకను ఎంతో తగ్గును. జానెడు దూరమునకు, రెండు జానల దూరమునకు నడుమనున్నది ఒక మనుష్యుని అలవాటు. అలవాటును ఛాతీపైని బిళ్ల చూడజాలదు.

పొట్టివారు, పొడుగువారు అను భేదము గూడ ఇచట శాస్త్రమే. ఒకే ఎల్-బ్లాకు ముందు నిలిచిన ఇరువురిలో ఒకరి కన్నులు గాజు వెనుక నుండగా, మరియొకరి కన్నులు గాజు పైయంచును దాటి యుండవచ్చును. బల్ల యెత్తును కొలిచి, పనిచేయు మనిషి యెత్తును కొలువని ప్రయోగశాలలను నేను పెక్కింటిని చూచితిని.

గుండె విభాగమువారు ధరించు అర మిల్లీమీటరు సీసపు కళ్ళద్దములను తెచ్చుకొన్నచో చాలదాయని కొందరు మిత్రులడుగుదురు. టెక్నీషియమునకు అవి కొంత మేలు చేయును. ఫ్లోరినునకు మాత్రము వానిచే నూటికి పదివంతులైనను తగ్గదు. పైగా ఆ యద్దములున్నవను ధీమాతో మరికొంత వంగు ప్రమాదమున్నది. బీటా కణముల కథ వేరు. కటకపు సున్నితభాగము కంటి ఉపరితలమునకు సుమారు మూడు మిల్లీమీటర్ల లోతున నున్నది. అంత లోతునకు దిగవలెనన్నచో బీటా కణమునకు ఇంచుమించు 0.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావలెను. ఫ్లోరిన్-18 పాజిట్రానుల గరిష్ఠశక్తి 0.63, లుటీషియం-177 బీటాల గరిష్ఠశక్తి 0.5, ఇవి గడపలోనే ఆగిపోవును. గాలియం-68 వి 1.9, యిట్రియం-90 వి 2.28, ఇవి నేరుగా కటకమును తాకును. వీనిని సామాన్యపు కళ్ళద్దములును, పెర్‌స్పెక్సు పలకయు చాలవరకు నిలుపగలవు. ఒక ఐసోటోపునకు సీసము, మరియొకదానికి ప్లాస్టిక్కు, ఇంకొకదానికి దూరము. అన్నిటికిని ఒకే మంత్రము లేదు. కాలేయపు గడ్డలకు యిట్రియమును, ఇతర గడ్డల వెదకులాటకు గాలియమును మన ఆసుపత్రులు నానాటికి హెచ్చుగా వాడుచున్న ఈ కాలమున, టెక్నీషియపు కాలమునాటి ధైర్యము చాలదు.

కొలుచుట యెట్లు? ఛాతీబ్యాడ్జి చెప్పునది పది మిల్లీమీటర్ల లోతు మోతాదు. చర్మమునకు చెప్పునది 0.07 మిల్లీమీటర్ల లోతు; కంటికి కావలసినది మూడు మిల్లీమీటర్ల లోతు. కొలమానిని సరిచూచుటకు దేహమునకు బదులుగా నిలుపు బొమ్మ విషయమునను శ్రద్ధ వలయును. ఛాతీబ్యాడ్జికి చదునైన పలక చాలును. తల గుండ్రనిది గనుక, 2008 మొదలు 2011 వరకు ఐరోపాలో సాగిన ఒరామెడ్ పరిశోధనమువారు 20 సెంటీమీటర్ల వ్యాసము గల స్తూపాకారపు బొమ్మను ప్రతిపాదించిరి. కంటిప్రక్కన తలపట్టీకి తగిలించు చిన్న కొలమానియు ఆ పరిశోధనమునుండియే వెడలినది. సంవత్సరమునకు 15 మిల్లీసీవర్టులు దాటునని తోచినను, ఏటేట 6 దాటునని తోచినను కంటిని నియతముగా కొలువవలెనని 2015 నాటి అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. తోచుట యెట్లు? ముందొకసారి కొలిచినగాని తోచదు. ఇదియే నా మనవి యొక్క సారము: ప్రతి విభాగమునను, ప్రతి పనివానికిని, కనీసము మూడు నెలలు కంటిప్రక్కన కొలమానిని కట్టవలెను; ఐసోటోపు మారినను, బల్ల మారినను, మనిషి మారినను మరల కట్టవలెను. ఏ కన్ను సిరంజికి చేరువగా నుండునో ఆ ప్రక్కననే కట్టవలెను. గామాలు మాత్రమే గలచోట, ఛాతీకిని కంటికిని నిష్పత్తి స్థిరముగా నున్నదని తేలినచో, ఆపైన ఛాతీబ్యాడ్జినే నమ్ముకొనవచ్చును. బీటాలుగలచోట అట్లు నమ్ముకొనరాదు. అల్పమైన అంకె వచ్చినను దానిని వ్రాసి యుంచవలెను. ఇరువదియేండ్ల తరువాత ఒక కంటివైద్యుడు అడుగబోవునది ఆ యల్పమైన అంకెయే.

దీనికి ఆక్షేపణలు నేను విన్నవే. ఖర్చనిరి, ఒక్క పెట్ స్కానుకు రోగి చెల్లించు రుసుము ప్రక్కన ఈ ఖర్చు నిలువదు. పట్టీ క్రింద చెమట పోయుననిరి; ఇది నిజము. జడలో పూలకు అడ్డమగునని మా విభాగపు అమ్మాయి యొకతె చెప్పినది. ఇదియు నిజమే, ఆమెకు కళ్ళద్దముల కాడకు తగిలించుకొనునట్టిది చేయించితిమి. కొలిచినచో భయము పెరుగుననిరి. ఇది మాత్రము నిజము కాదు. కొలువక ముందే భయమున్నది, మా టెక్నాలజిస్టులు భోజనవేళ మాటలాడుకొనునది నేను వింటిని.

మాస్టారు గతించుటకు కొలది నెలల ముందు వారి యింటికి వెళ్ళినపుడు, మా విభాగమున కంటికొలమానులు మొదలు పెట్టుచున్నామని చెప్పితిని. వారు సంతోషించి, వెంటనే ఒకే ప్రశ్న వేసిరి: "రాత్రిళ్ళు ఎక్కడ పెడతారు?" నాకు అర్థము కాలేదు. మొదటి మూడు నెలలు గడచినవి. ఒక యువకుని పట్టీ మాత్రము మిగిలిన వారందరికంటె మిక్కిలి హెచ్చు చూపినది. అతని ముఖము పాలిపోయినది. అతని ప్రక్కన రెండు దినములు నిలిచి పనిని పరిశీలించితిని. తప్పేమియు కనబడలేదు, తల వెనుకనే యుండెను. మూడవనాటి సాయంకాలము, పని ముగిసిన పిమ్మట, అతడు పట్టీని తీసి, ఔషధములను సిద్ధపరచు హాట్ ల్యాబు తలుపు వెనుకనున్న కొయ్యకు తగిలించి వెళ్ళిపోవుట చూచితిని. ఆ గోడ కావలివైపున, ఐసోటోపులు శమించువరకు వ్యర్థములను నిలువచేయు గది యున్నది. అతని కన్ను చూడని కిరణములను ఆ పట్టీ రాత్రియెల్ల చూచినది.

కొయ్యను పెరికించి, దూరముగా వరండా చివర గోడకు కొట్టించితిని. ఆ త్రైమాసికపు అంకెను రిజిస్టరునుండి కొట్టివేయలేదు. ప్రక్కన కారణము వ్రాసి, నేనును ఆ యువకుడును చేవ్రాలు చేసితిమి. రిజిస్టరులో ఇప్పుడు "కన్ను" అని యొక గడి యున్నది. వెనుకటి సంపుటములలో మాస్టారి పేరెదుట ఆ గడి లేదు. గీసి, ఖాళీగా నుంచుదుమాయని ఒక విద్యార్థి నన్నడిగెను. వలదంటిని. రెండవ త్రైమాసికపు పట్టీలు ఈ నెలాఖరున కొలతకు వెళ్ళుచున్నవి.